పగటి దీపాలు

గురువారం పొద్దున్నే పాలు పిండి, చేతులు కడుక్కొని చామంతి మడిలోకి దిగిన నవనీతకు మూడో సాలులోనే కాళ్లు ఆగిపోయాయి. మొక్క నడినెత్తిన, చిగురు ఉండవలసిన చోట, ఆవగింజంత పచ్చని గుండు కనిపించింది. ఆమె వంగి రెండు వేళ్లతో ఆకులు విడదీసి తాకి చూసింది. చిగురైతే మెత్తగా తగులుతుంది. ఇది గట్టిగా ఉంది. మొగ్గే, అనుమానం లేదు.

పక్క మొక్క చూసింది. దాని పక్కది చూసింది. సాలు పొడుగునా వంగుతూ లేస్తూ చివరిదాకా పోయింది. పదింటిలో ఎనిమిదింటికి మొగ్గ పడింది. మొక్కలు చూస్తే జానెడు కూడా లేవు. మోకాలెత్తు పెరిగి, పక్కలకు కొమ్మలు దూసి, గుబురుగా తయారయ్యాక కదా మొగ్గ తొడగాలి! జానెడు మొక్క మొగ్గ వేసిందంటే దాని పెరుగుదల అంతటితో సరి. మొక్కకు నాలుగు పూలు పూస్తాయి, అవీ చొక్కా గుండీలంత ఉంటాయి. వాటిని కోసుకుపోయి ఏ అంగట్లో పెట్టినా మొహం తిప్పుకుంటారు.

ఇలా కాకూడదనే కదా ఇంత యాతన పడింది! అరెకరం మడి నిండా నీలగిరి కర్రలు పాతి, వైరు లాగి, అరవై బల్బులు వేలాడగట్టారు. రాత్రులు పొడుగైతే చామంతి పెరగడం మాని మొగ్గకు దిగుతుంది. వినాయకచవితి వెళ్లాక నాటిన నారు కాబట్టి ముందున్నదంతా పొడుగు రాత్రుల కాలమే. అందుకని రెండు నెలల పాటు రాత్రి పది నుంచి రెండు దాకా లైట్లు వేస్తే మొక్క మోసపోయి పెరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత లైట్లు ఆపేస్తే మాఘమాసం పెళ్లిళ్లకు పువ్వు చేతికొస్తుంది. రామకుప్పం దగ్గర ఆమె అన్నవాళ్ల ఊళ్లో అందరూ చేసే పద్ధతే. ఈ రామసముద్రం వైపు మాత్రం నవనీతే మొదలు.

ఆమె విసవిసా మోటరు షెడ్డులోకి పోయింది. గోడకు క్యాలెండరు వేలాడుతోంది. దాని మీద పైన ఆమె చేత్తోనే రాసి ఉంది: రాత్రి 10 నుంచి 2. లైట్లు వేసిన రోజు గడిలో ఎన్ని గంటలు వేసిందీ ఆమె మొగుడు దేవరాజులు పెన్సిలుతో రాయాలి. ఒక్క గడి కూడా వదలకుండా రాశాడు. నాలుగు, నాలుగు, నాలుగు. మూడున్నర అని గాని, మూడు అని గాని ఎక్కడా లేదు.

లైట్ల పని దేవరాజులుది. ఆడమనిషి రాత్రిళ్లు చేనికాడ ఉంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని అతను మొదటిరోజే తేల్చేశాడు. ఉచిత కరెంటు వచ్చిన ఈ మూడేళ్లుగా, అది ఏ వేళ వస్తుందో ఏ వేళ పోతుందో తెలియక, అతనికి మోటరు షెడ్డే రెండో ఇల్లు. నవనీతకు పగలంతా అంగన్‌వాడీలో ఆయా పని. తొమ్మిదికి పోతే నాలుగు దాటితే గాని రాదు. ఇంటి దగ్గర నుంచి చూద్దామంటే నీలగిరి తోపు అడ్డం. కాబట్టి ఆమెకున్న ఆధారమల్లా ఆ క్యాలెండరే.

దేవరాజులు గట్టు మీద పలుపు తాడు పేనుకుంటూ కూర్చుని ఉన్నాడు.

“మొగ్గొచ్చేసింది,” అంది నవనీత.

“సూస్తిని. నిన్నే సూస్తిని.”

“నిన్న సూసి నాకు సెప్పలేదా?”

“సెప్తే ఏం జేస్తావు? మొగ్గను లోపలికి తోస్తావా?”

ఆమెకు ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచకుండా అడిగింది. “లైట్లు సరిగ్గా ఏసినావా ప్పా?”

అతను తాడు పక్కన పడేశాడు. ఆ ప్రశ్న అతనికి చెంపదెబ్బలా తగిలిందని మొహం చూస్తేనే తెలిసింది. “నాలుగు గంటలు. ఒక్క గంట ఎగ్గొట్టింటే అడుగు. గడియారం ముందర పెట్టుకోని కూసున్నా. నీ లైట్లలో తప్పుల్యా, నా కాపలాలో తప్పుల్యా. ఇంకేముండాది? నారు. మీ వదిన అంటగట్టిన నారు.”

“అదే నారు వాళ్లుగూడా నాటుకున్నారు.”

“మంచిది వాళ్లు నాటుకోని, తాలుది మనకిచ్చింటారు. కుప్పమోళ్లు మామూలోళ్లా?”

దేవరాజులు అబద్ధం ఆడే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. మొండివాడు, నోటి దురుసు మనిషి, పెళ్లాం మాటకు చెవి పక్కకు పెట్టే మనిషి. కాని చెయ్యని పని చేశానని చెప్పడు. అతను నాలుగు గంటలు వేశానన్నాడంటే వేసినట్టే. అప్పుడిక మిగిలింది నారే. వదిన మోసం చేసిందా? ఆ ఆలోచన మనసులోకి వచ్చినందుకే నవనీతకు సిగ్గేసింది, అయినా వచ్చి కూర్చుంది.

“ఈ ఒక్క తూరి నీ మాట అని ఆ పొద్దే అంటిని,” అన్నాడు అతను లేస్తూ. “పూలు రాకపోతే మడి టమోటాకి పోతాది, మళ్లా నువ్వు నోరెత్తగూడదు అంటిని. తలూపినావా లేదా?”

ఊపింది. ఆ నాలుగెకరాల్లో ఏ మూల ఏం వేయాలో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమెను అడిగినవాళ్లు లేరు. కలుపు తీసింది, నీళ్లు కట్టింది, కాయలు కోసింది. ఈ అరెకరం ఒక్కటే ఆమె అడిగి తీసుకున్నది. అది పోతే మళ్లీ అడగడానికి మొహం ఉండదు.

శుక్రవారం సాయంత్రం ఆమె అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి వాకిట్లో మోటారు సైకిలు ఉంది. మదనపల్లె రోడ్డులో టమోటా నారు పెంచి అమ్మే నరేంద్ర మంచం మీద కూర్చొని కాఫీ తాగుతున్నాడు. కాఫీ దేవరాజులే పెట్టినట్టున్నాడు, గ్లాసులో పొడి తేలుతోంది.

“అక్కా, బాగుండావా?” అన్నాడు నరేంద్ర. జవాబు కోసం ఆగకుండా దేవరాజులు వైపు తిరిగాడు. “నేను ముందే సెప్తినన్నా. ఈ లైట్లు, గియిట్లు మనకు అచ్చిరావు. సోమవారం పొద్దున ట్రాక్టరు పంపిస్తా. దున్నేసి రెండు దినాలు ఆరబెడితే బుధవారానికి నారు దించేస్తా.”

“పంపించు,” అన్నాడు దేవరాజులు.

“మొక్కలు ఇంకా సావలేదు,” అంది నవనీత గడప దగ్గర నిలబడే.

నరేంద్ర నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు, అది ఇంకా బాధ. “సావలేదక్కా, కాని పెరగవు కదా. టీ అంగడి కాడ అందరూ అనుకుంటాండారు, పాపం దేవరాజన్నకు బావమరిది ఇంటోళ్లు తాలునారు అంటగట్టినారని. నీ తప్పని ఎవరూ అనలేదులే.”

అంటే ఊరంతా తెలిసిపోయిందన్నమాట. మొగ్గ తేలి రెండు రోజులు కాలేదు, అప్పుడే ఆమె పుట్టింటి పరువు టీ గ్లాసుల్లో తిరుగుతోంది. నవనీత మొగుడి వైపు చూసింది. అతను గ్లాసు కడగడానికి తొట్టి దగ్గరికి పోయాడు. ఎప్పుడూ గ్లాసు కడగని మనిషి అప్పుడు కడిగాడు.

నరేంద్ర వెళ్లి, దేవరాజులు తోపు వైపు పోయాక ఆమె ఊళ్లోని ఫోను డబ్బా దగ్గరికి పోయి రామకుప్పం నంబరు కలిపింది. వదిన రెడ్డెమ్మ ఎత్తింది. విషయం సగం చెప్పేలోపే అటునుంచి గొంతు లేచింది.

“తాలునారా? నేను నీకు తాలునారు ఇచ్చినానా మే? ఫోన్లో పంట కనిపిస్తాదా? రేపు శనివారం బస్సెక్కు. వచ్చి నా మడి సూడు. సూసి అప్పుడు మాట్లాడు.”

ఠక్కున పెట్టేసింది.

శనివారం సెలవు చెప్పి నవనీత పుంగనూరు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి పలమనేరు ఒక బస్సు, వి.కోట మీదుగా ఇంకో బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి వదిన మడి గట్టు మీద నిలబడింది. ఏమీ అడగవలసిన అవసరం రాలేదు. అదే నారు, అదే వారంలో నాటింది, మోకాలు దాటి ఉంది. ఆకు ముదురు పచ్చగా, వెడల్పుగా ఉంది. నవనీత ఒక్కొక్క మొక్క తల విడదీసి చూసింది. అన్నీ చిగుళ్లే.

“ఊరికే పట్టి పీకొద్దు, విరిగిపోతాయి,” అంది రెడ్డెమ్మ. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. “మొగుడు మాట పట్టుకోని నన్ను దొంగను చేస్తివి.”

“తప్పయిపోయింది వదినా. మరి నాకేమయింది? క్యాలెండర్లో ఒక్క దినం గూడా తప్పలేదు. నాలుగు గంటలు రాసుండాది.”

“రాత్రిపూటేనా?”

“పది నుంచి రెండు. నువ్వు సెప్పినట్టే.”

రెడ్డెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గట్టు మీద కూలబడింది. ఆమెకు చదువు లేదు గాని చామంతితో పన్నెండేళ్ల కాపురం ఉంది. “ఇట్ల సూడు మే. నాలుగు గంటలు అనేది మన లెక్క. మొక్క లెక్కపెట్టేది వెల్తురు కాదు, చీకటి. పొద్దుగూకినప్పట్నుంచి తెల్లారేదాకా ఏకబిగిన నిద్రపోయిందనుకో, మొగ్గేస్తాది. దాన్ని అట్ల నిద్రపోనీగూడదు. మధ్యలో తట్టి లేపాల. మనం చేసేది అంతే.”

“ఒక రాత్రి కరెంటు పోతే?”

“ఒక రాత్రికేమీ కాదు. ఒక ఏడు మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పది రాత్రులు చీకట్లో ఉంటిమి. ఏనుగులొచ్చి తొక్కినా అంత నష్టం ఉండదు. మడంతా మొగ్గే.”

“అప్పుడేం చేస్తివి?”

“ఏడిస్తిని. ఏడ్చి, కూలోళ్లను పెట్టి ప్రతి మొగ్గా గిల్లిస్తిని, మళ్లా లైట్లేస్తిని. వారం పదిదినాలకు చిగురు దూసింది. పంట నెల వెనక్కి పోయింది, మాఘానికి దొరకలేదు గాని ఉగాదికి దొరికింది.”

నవనీత ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది. గిల్లడం ఎంతవరకు, గిల్లాక నీళ్లెప్పుడు, ఎన్ని గంటల చీకటి ఉంటే ప్రమాదం అని ఒక్కొక్కటే అడిగింది. ఎనిమిది తొమ్మిది గంటలు కదలకుండా చీకటి ఉంటే ఇక ఆశ పెట్టుకోవద్దంది రెడ్డెమ్మ. ఆరేడు గంటలకైతే భయం లేదంది. ఇదంతా మొదటిరోజే అడిగి ఉండవలసింది. అడగలేదు. పది నుంచి రెండు అని కాగితం మీద రాయించుకుని, గుళ్లో ఇచ్చిన తాయెత్తులా తెచ్చి క్యాలెండరు మీద అతికించింది. ఎందుకు పది, ఎందుకు రెండు అని ఆమెకూ తెలియదు, మొగుడికీ చెప్పలేదు.

ఆ రాత్రి వదిన ఇంట్లోనే పడుకుని ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరింది. అన్ని బస్సులూ మారి ఊరి మలుపులో దిగేటప్పటికి పన్నెండున్నర. ఇంటికి పోకుండా తోపు పక్క దారిన నేరుగా చేనికి నడిచింది. దారిలో మేకలు కాచుకునే చౌడమ్మ ఎదురైంది.

“ఊరికి పోయినావంట కదమ్మీ?” అని నవ్వి, ఏదో అనబోయి ఆపుకుంది.

తోపు దాటగానే నవనీతకు అరవై బల్బులూ కనిపించాయి. నడినెత్తిన సూర్యుడు నిప్పులు పోస్తున్నాడు. ఆ ఎండలో అరవై బల్బులూ పసుపుపచ్చగా వెలుగుతున్నాయి. వాటి కింద, గట్టు మీద, తలకు తువాలు చుట్టుకుని, మోకాళ్ల ముందు టైంపీసు పెట్టుకుని దేవరాజులు కూర్చుని ఉన్నాడు. చెమట చెవుల మీదుగా కారుతోంది. అతను టైంపీసు వంక చూశాడు, బల్బుల వంక చూశాడు, మళ్లీ టైంపీసు వంక చూశాడు.

సూర్యుడికి దివిటీ పట్టడం అని సామెతగా అంటారు గాని, పట్టినవాణ్ణి కళ్లతో చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నవనీతకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. గట్టు దాకా నడిచి అతని ముందు నిలబడింది.

“ఏం చేస్తాండావు ప్పా?”

“కనిపించలేదా? లైట్లేసినా. పదకొండుకి ఏస్తిని. మూడుకి ఆపుతా.”

“పగలా?”

“రాత్రి కరెంటు ఇస్తే కదా రాత్రి ఏసేది! లైన్‌మన్ గురప్ప రాత్రి పది కొడితే సాలు, చేల లైను తీసేస్తాండాడు. ఎవరో దొంగగా మోటర్లు తిప్పుతాండారంట, ఒకడు చేసిన దానికి ఊరందరికీ కోత. మళ్లా తెల్లారి నాలుక్కి ఇస్తాడు.”

“ఎన్నాళ్ల నుంచి?”

“పధ్నాలుగు దినాలయింది.”

పధ్నాలుగు రాత్రులు. వదినకు పది రాత్రులకే మడంతా పోయింది. నవనీత గట్టు మీద చతికిలబడింది.

“నాకు యాల సెప్పలేదు?”

“సెప్పేదానికేముండాది?” దేవరాజులు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “గంటలు తగ్గనీలేదు కదా. రాత్రి నీళ్లు కట్టేదానికి కుదరకపోతే పగలు కట్టమా? మడికి నాలుగు గంటల నీళ్లు కావాల. ఎప్పుడు పారితే ఏం, నాలుగు గంటలు పారితే తడి తడే. ఇదీ అంతే. ఇంత ఎండలో రోజూ నాలుగు గంటలు కూసున్నా. ఎవడన్నా దారిన పోయేవాడు నవ్వితే గూడా నవ్వనీ అనుకున్నా. ఒక్క గంట ఎగ్గొట్టలే.”

చిన్నప్పటి నుంచి నీళ్ల లెక్కలో పెరిగిన మనిషి. బావిలో ఎంత ఊరింది, మోటరు ఎంతసేపు తిరిగింది, కరెంటు పోయిన గంటను ఎప్పుడు పూడ్చుకోవాలి, ఇదే అతని బతుకు. అతను తిట్టి ఉంటే తిరిగి తిట్టవచ్చు. ఎగ్గొట్టి ఉంటే నిలదీయవచ్చు. ఇంత నిజాయితీగా పంట పాడుచేసిన మనిషిని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

“దానికి కావలసింది వెల్తురు కాదు ప్పా. రాత్రి నిద్ర చెడగొట్టాల. ఇంత ఎండలో అది మేలుకునే ఉంది కదా, దీన్ని మళ్లా లైటేసి లేపేదేంది? పధ్నాలుగు రాత్రులు చీకట్లో పడుకోబెట్టి, పగలు కాపలా కాసినావు. నారు మంచిదే. వదిన మడి మోకాలు దాటింది. ఊరంతా నా పుట్టింటోళ్లు దొంగలని చాటింపు ఏసినావే!”

దేవరాజులు టైంపీసు చేతిలోకి తీసుకుని దాని వెనక కీ తిప్పాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

“సాయంత్రం కరెంటుంటాదా?” అని అడిగింది ఆమె.

“పొద్దుగూకినప్పట్నుంచి పదిదాకా ఉంటాది. ఉంటే ఏం లాభం? నువ్వే కదా పది నుంచి రెండు అని రాసినావు!”

ఆ మాట సూటిగా తగిలింది. నవనీత వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. పది నుంచి నాలుగు. ఆరు గంటలు. సాయంత్రం చీకటి పడకముందే వేసి పదిదాకా ఉంచి, తెల్లారి నాలుగుకు మళ్లీ వేసి తెల్లారేదాకా ఉంచితే మొక్కకు దొరికే చీకటి ఆరు గంటలే. కోత పడే వేళ కోతకే వదిలేసి, దానికి అటూ ఇటూ వెలుతురు పెడితే చాలు. పది గంటలనీ పట్టుకోనక్కర్లేదు, రెండు గంటలనీ పట్టుకోనక్కర్లేదు. ఇంత చిన్న లెక్క. పధ్నాలుగు రోజుల కిందట ఒక్క మాట చెప్పి ఉంటే ఆ రోజే తేలిపోయేది.

“ఈ సాయంత్రం నుంచి ఏద్దాం. రేపు పొద్దున్నుంచి మొగ్గలు గిల్లేస్తా. మాఘానికి రాదు గాని ఉగాదికి వస్తాది.”

“రేపు ట్రాక్టరొస్తాది,” అన్నాడు దేవరాజులు. “నరేంద్రకు మాటిచ్చినా.”

“నాకిచ్చిన మాటో?”

“పూలు రాకపోతే టమోటా అనే కదా మాట. వచ్చినాయా?”

అతను లేచి షెడ్డులోకి పోయి లైట్లు ఆర్పాడు. తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తోపు వైపు నడిచిపోయాడు. సాయంత్రం ఆమె ఇంట్లో ఎంత అడిగినా తాళంచెవి ఇవ్వలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి గిన్నెలు ఎత్తి పడేసింది, ఒక చెంబు సొట్ట పడింది. అతను అన్నం సగంలో లేచి పోయాడు. ఆ రాత్రి కూడా మడి చీకట్లోనే పడుకుంది. పదిహేనో రాత్రి అని లెక్కపెట్టుకుంటూ నవనీత పక్క మీద దొర్లింది. ఆమె కోపం అతని మీద ఎంతో తన మీదా అంతే.

సోమవారం తెల్లవారకముందే అంగన్‌వాడీ టీచరుకు రానని కబురు పంపి ఆమె చేనికి పోయింది. మొగ్గలు వేయడానికి ఒక గంప, నడుముకు గుడ్డ. ట్రాక్టరు వచ్చేలోపు ఎన్ని సాళ్లు గిల్లితే అన్ని. గిల్లిన మొక్కల మీద నాగలి పెట్టడానికి ఎవరికైనా కొంచెం సిగ్గేస్తుందేమోనని ఒక పిచ్చి ఆశ.

షెడ్డు తలుపుకు తాళం వేలాడుతోంది. తాళంలోనే చెవి ఉంది. లోపల మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది, మనిషి లేడు. నవనీత క్యాలెండరు ముందు నిలబడింది. చివరి పధ్నాలుగు గడుల్లో నాలుగులన్నిటి మీదా అడ్డగీతలు ఉన్నాయి. పెన్సిలు గట్టిగా నొక్కి గీసినట్టుంది, ఒకటి రెండు చోట్ల కాగితం చిరిగింది. ప్రతి గడిలో పక్కన సున్న చుట్టి ఉంది. ఆదివారం గడిలోనూ సున్నే.

ఆమె బయటికి వచ్చి మొదటి సాలులో కూర్చుంది. మొగ్గ, దాని కింద రెండాకులు. గోటితో నొక్కి తుంచడం, గంపలో వేయడం, పక్కకు జరగడం. నాలుగో సాలుకు వచ్చేసరికి బొటనవేలు గోరు ఆకుపచ్చగా మారి మండసాగింది. నడుము అప్పుడే పట్టేసింది. ఇంకా అరవై సాళ్లు ఉన్నాయి.

ఎండ ఎక్కాక తోపు అవతల ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ముందు నరేంద్ర మోటారు సైకిలు, వెనక ట్రాక్టరు. వాటికి ఎదురుగా రోడ్డు మీంచి దేవరాజులు నడుచుకుంటూ వచ్చి గట్టు మొదట్లో నిలబడ్డాడు. అతను అప్పటిదాకా ఎక్కడికి పోయాడో ఆమెకు తెలియదు. నవనీత తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఇంకా వేగంగా కదిలాయి.

“ఏందన్నా, అక్క ఇంకా ఏదో గిల్లుతాండాది?” నరేంద్ర గొంతు. “బాధగానే ఉంటాదిలే. ఏం చేస్తాం, అంత అన్యాయమైన నారు ఇచ్చినారు వాళ్లు.”

“నారులో తప్పుల్యా,” అన్నాడు దేవరాజులు.

“మరి?”

ట్రాక్టరు గుడగుడమంటూ అక్కడే నిలబడి పొగ కక్కుతోంది. మేకలను తోలుకుపోతున్న చౌడమ్మ కర్ర మీద గడ్డం ఆనించి ఆగిపోయింది. నవనీత చేతిలో మొగ్గ చేతిలోనే ఉంది.

“నారు బాగుండాది,” అన్నాడు దేవరాజులు మళ్లీ, ఈసారి చౌడమ్మకు కూడా వినిపించేలా. “పాడు చేసింది నేను.”

నరేంద్ర ట్రాక్టరు వైపు చూశాడు. “సరేలే అన్నా, ఎవరైతే ఏం. దున్నమంటావా, వద్దా? ట్రాక్టరు ఇంకో చోటికి పోవాల.”

“ఆ మడి సంగతి నాకు తెలీదప్పా. ఆమెనడుగు.”

ఇన్నేళ్ల కాపురంలో అతని నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆ మాట కోసమే కదా ఇన్నాళ్లూ కొట్టుకుంది! తీరా వచ్చాక ఆమెకు సంతోషం కలగలేదు. ముందుగా కోపమే వచ్చింది. ఇదే మాట పధ్నాలుగు రోజుల ముందు అని ఉంటే ఈ మడి మోకాలెత్తు ఉండేది. వదిన దగ్గర తల దించుకోవలసిన పని ఉండేది కాదు. కళ్లలో నీళ్లు తిరిగితే భుజానికి తుడుచుకుంది.

“తిప్పుకోని పొమ్మను,” అంది లేవకుండానే. “గట్టు తొక్కకుండా పొమ్మను. కొత్తగా ఏసిన గట్టు.”

దేవరాజులే వెనక నిలబడి చెయ్యి ఊపుతూ ట్రాక్టరును తిప్పించాడు. అది తోపు దాటాక వచ్చి ఆమె పక్క సాలులో కూర్చున్నాడు. మొక్కను పట్టి సగానికి విరిచాడు.

“అంత కిందికి కాదు. మొగ్గ, రెండాకులు. అంతే.”

ఇంకోటి తుంచి ఆమెకు చూపించాడు. ఆమె తల ఊపింది. చౌడమ్మ మేకలను మడికి దూరంగా అదిలించి, తనూ ఒక సాలు పట్టుకుంది. పగలంతా ముగ్గురూ వంగిన నడుము ఎత్తకుండా గిల్లినా ఇరవై రెండు సాళ్లే అయ్యాయి. తప్పయిందన్న మాట దేవరాజులు ఆమెతో అనలేదు. అంటాడని ఆమె కూడా ఎదురు చూడలేదు. ఆ ఇంటి మగవాళ్లకు ఆ మాట నోరు తిరగదు.

ఆరు అవుతుండగా గంప ఎత్తి గట్టు మీద గుమ్మరిస్తూ నవనీత షెడ్డు వైపు చూసింది. తలుపు తెరిచి ఉంది. దేవరాజులు స్విచ్చి బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యి పైకెత్తి, స్విచ్చి మీద వేలు పెట్టి, ఆమె వైపే చూస్తున్నాడు.

“ఏసేదా?” అని అడిగాడు.

ఆమె తల ఎత్తి పడమర చూసింది. కొండల మీద ఇంకా ఎర్రటి వెలుతురు ఉంది. సాళ్ల మధ్య మొక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి.

“ఇంకా పొద్దుండాది,” అంది. “ఉండు.”

దేవరాజులు వేలు స్విచ్చి మీదే పెట్టుకుని, ఆమె చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు.